పొట్టలో ప్రెజర్ కొలిచే కిట్లు: ఏది కొనాలి, ఏది బెడ్ దగ్గరే అమర్చుకోవచ్చు

పొట్ట మీద చెయ్యి వేసి ‘టెన్స్‌గా ఉంది’ అనో, ‘సాఫ్ట్’ అనో కేస్ షీట్‌లో రాసి ముందుకెళ్లిపోవడం మన ఐసీయూల్లో పాత అలవాటు. ఆ చేతిని నమ్మడానికి లేదు. చేత్తో వేసిన అంచనాను అసలు కొలతతో పోల్చి చూసిన అధ్యయనాల్లో, నిజంగా ప్రెజర్ పెరిగినవాళ్లలో దాదాపు సగం మందిని చెయ్యి పట్టుకోలేకపోయింది. టేపు పెట్టి పొట్ట చుట్టుకొలత చూడటమూ అంతే. బొడ్డు దగ్గర 4 సెంటీమీటర్లు పెరిగినా లోపలి ప్రెజర్ మామూలుగా ఉండొచ్చు, అంగుళం పెరగకుండానే 22 మిల్లీమీటర్ల పాదరసానికి ఎక్కిపోవచ్చు. కాబట్టి కొలవాల్సిందే. కొలవడం కూడా కష్టమేమీ కాదు, పేషెంట్ మూత్రాశయంలో ఎలాగూ ఉండే ఫోలీ కేథటర్ (మూత్రం గొట్టం) గుండానే కొలుస్తాం.

ఈ రివ్యూ ఆ కొలతకు దొరికే సామాను గురించి. ట్రాన్స్‌డ్యూసర్‌తో (ప్రెజర్‌ను మానిటర్‌కు పంపే సెన్సర్) సొంతంగా అమర్చుకునే సెట్, సీవీపీ (గుండె దగ్గరి పెద్ద సిరలో ప్రెజర్) చూసే మానోమీటర్ లాంటి నీటి గొట్టం, డెన్మార్క్‌కు చెందిన హోల్‌టెక్ వాళ్ల ఫోలీమానోమీటర్, ఆటోవాల్వ్ ఉండే యాబ్‌వైజర్. నాలుగూ ఒకే పని చేస్తాయి. తేడా అంతా రాత్రి 2 గంటలకు, ఆరు బెడ్లు ఒక్కరే చూసుకుంటున్న సిస్టర్ చేతిలో ఏది తప్పకుండా, తప్పు లేకుండా పనిచేస్తుంది అనే దగ్గరే వస్తుంది. మా తూకం అదే.

ముందు అంకెలు

లెక్క అంతా మిల్లీమీటర్ల పాదరసంలోనే. ఇక్కడినుంచి అంకె మాత్రమే రాస్తాం. ఐసీయూలో ఉన్న పెద్దవాళ్లకు మామూలుగా 5 నుంచి 7 ఉంటుంది. 12 లేదా అంతకు పైన మళ్లీ మళ్లీ వస్తుంటే ప్రెజర్ పెరిగినట్టు. 12–15 గ్రేడ్ 1, 16–20 గ్రేడ్ 2, 21–25 గ్రేడ్ 3, 25 దాటితే గ్రేడ్ 4. 20 దాటి నిలబడిపోయి, దానితోపాటు కొత్తగా ఏదైనా అవయవం దెబ్బతింటే, అంటే మూత్రం తగ్గిపోవడమో, వెంటిలేటర్‌లో ఎయిర్‌వే ప్రెజర్లు ఎక్కిపోవడమో, బీపీ నిలబడకపోవడమో కనిపిస్తే, అది అబ్డామినల్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. ఈ సిండ్రోమ్ మీద పనిచేసే అంతర్జాతీయ సొసైటీ డబ్ల్యూఎస్ఏసీఎస్ 2013లో సవరించి ఇచ్చిన నిర్వచనాలివి. పిల్లలకు గీత ఇంకా కిందే ఉంది: 10 దాటి నిలిచి, కొత్తగా అవయవం దెబ్బతింటే అదే సిండ్రోమ్ కింద లెక్క. పెద్దవాళ్ల 20 కోసం ఎదురుచూస్తే పిల్లవాడు చేయి దాటిపోతాడు.

బాగా లావుగా ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ, ఏళ్ల తరబడి పొట్టలో నీరున్న లివర్ పేషెంట్లకూ మొదటి అంకే ఎక్కువగా ఉంటుంది. వాళ్లలో ఒక్క రీడింగ్ కన్నా అది ఎటు పోతోందన్నదే ముఖ్యం.

ఎవరికి కొలవాలి? తీవ్రమైన ప్యాంక్రియాటైటిస్, పెద్ద కాలిన గాయాలు, సెప్టిక్ షాక్‌లో లీటర్లకొద్దీ సెలైన్ ఎక్కినవాళ్లు, పొట్టకు దెబ్బ తగిలి రక్తం చాలా ఎక్కించినవాళ్లు, పేగు అడ్డుపడినవాళ్లు, ఆపరేషన్ తర్వాత పొట్ట బిగించి కుట్టాల్సి వచ్చినవాళ్లు. మన రెండు రాష్ట్రాల్లో వీటికి డెంగీని కూడా కలపాలి. ప్లాస్మా లీకై పొట్టలో నీరు చేరిన డెంగీ షాక్ పిల్లవాడికి బీపీ కోసం బోలస్ మీద బోలస్ (వేగంగా ఎక్కించే సెలైన్) ఇస్తూ పోతే, ఆ నీళ్లే పొట్టలోకి దిగి ప్రెజర్ పెంచుతాయి. అప్పుడు మూత్రం తగ్గుతుంది. తగ్గిందని ఇంకో బోలస్ ఇస్తాం. ఆ చక్రాన్ని బయటపెట్టేది ఈ కొలతే.

ఏ సామాను వాడినా మారని పద్ధతి

1984లో క్రాన్ బృందం మూత్రాశయం ద్వారా కొలిచే పద్ధతిని సర్జన్లకు అలవాటు చేసినప్పుడు 50 నుంచి 100 మి.లీ. సెలైన్ నింపేవారు. అంత నింపితే మూత్రాశయం గోడే బిగుసుకుని అంకెను పెంచుతుందని తర్వాత తేలింది. ఇప్పుడు పెద్దవాళ్లకు గరిష్ఠం 25 మి.లీ.; మేం 20 చాలంటాం. పిల్లలకు కిలోకు 1 మి.లీ., 3కు తగ్గకుండా, 25కు మించకుండా. సెలైన్ ఫ్రిజ్ లోంచి తీసింది కాకూడదు. చల్లటిది పడితే మూత్రాశయం ముడుచుకుని అంకె అబద్ధంగా ఎక్కుతుంది. ఎక్కించాక 30 నుంచి 60 సెకన్లు ఆగాలి. ఆ ఆగడమే చాలాచోట్ల జరగదు.

పేషెంట్ వెల్లకిలా, మంచం సమంగా. జీరో పెట్టే చోటు చంక మధ్యనుంచి నిలువుగా దిగే గీత, నడుం పక్కన చేతికి తగిలే ఇలియాక్ క్రెస్ట్ ఎముకను కలిసే చోట. పాత పుస్తకాల్లో జఘనాస్థి దగ్గర జీరో పెట్టమని ఉంటుంది, అది వదిలేయండి. రెండు చోట్లా ఒకే అంకె రాదు. చర్మం మీద మార్కర్‌తో అక్కడ ఒక గీత గీసి, డ్యూటీ మారినా అదే గీత దగ్గర చూడాలి. రీడింగ్ ఊపిరి వదలడం పూర్తయిన క్షణంలో తీసుకోవాలి. పేషెంట్ ముక్కుతున్నా, దగ్గుతున్నా, వెంటిలేటర్‌తో పోట్లాడుతున్నా ఆ అంకె రాయకూడదు. రిస్క్ ఉన్నన్నాళ్లూ 4 నుంచి 6 గంటలకోసారి చూడాలి.

ట్రాన్స్‌డ్యూసర్ సెట్: మానిటర్‌లో ఛానల్ ఖాళీ ఉంటే ఇదే

ఆర్టీరియల్ లైన్‌కు (ధమనిలో బీపీ చూసే లైన్) వాడే డిస్పోజబుల్ ట్రాన్స్‌డ్యూసర్ ఒకటి, త్రీ-వేలు (మూడు దారుల కుళాయిలు) మూడు, 500 మి.లీ. నార్మల్ సెలైన్, ఐవీ సెట్, 50 మి.లీ. ల్యూయర్ లాక్ (తిప్పి బిగించే) సిరంజి, ఒక ప్రెజర్ మానిటరింగ్ లైన్, ఒక క్లాంప్. ఇవన్నీ ఏ ఐసీయూ స్టోర్‌లోనైనా ఉండేవే. త్రీ-వేలు వరసగా బిగించి, మొదటిదానికి సెలైన్, రెండోదానికి సిరంజి, మూడోదానికి ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి, ఆ వరస చివరినుంచి లైన్‌ను యూరోబ్యాగ్ (మూత్రం పట్టే సంచి) గొట్టం మీదుండే శాంపిల్ పోర్ట్‌కు కలపాలి. సూది లేకుండా ల్యూయర్ నేరుగా పట్టే పోర్ట్ ఉన్న యూరోబ్యాగే తెప్పించుకోండి. రబ్బరు పోర్ట్‌లో 18 గేజ్ సూది గుచ్చి వదిలేస్తే రెండో రోజుకే లీకవుతుంది, గుచ్చేటప్పుడు సిస్టర్ వేలికీ ప్రమాదం.

లైన్ మొత్తం సెలైన్‌తో నింపి గాలి బుడగలు పూర్తిగా పోగొట్టాలి. ట్రాన్స్‌డ్యూసర్‌ను గీత ఎత్తులో పెట్టి, పేషెంట్ వైపు మూసి, గాలికి తెరిచి, మానిటర్‌లో జీరో చేయాలి. స్కేల్ 0–40కి మార్చుకుంటే అల స్పష్టంగా కనిపిస్తుంది. కొలిచేటప్పుడు పోర్ట్‌కు కింద, అంటే బ్యాగ్ వైపు క్లాంప్ వేసి, సిరంజితో 20 మి.లీ. మెల్లగా ఎక్కించి, ఆగి, స్క్రీన్ ఫ్రీజ్ చేసి, ఊపిరి వదిలిన చివర కర్సర్ పెట్టి చదవాలి. మానిటర్ పక్కన పెద్ద అక్షరాల్లో చూపించే సగటును నమ్మొద్దు. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కు ఊపిరి లోపలికి పోయేటప్పటి ప్రెజర్ కూడా దానిలో కలిసిపోతుంది, అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది.

ఆర్టీరియల్ లైన్ అలవాటుతో 300 మి.మీ. ప్రెజర్ బ్యాగ్ మాత్రం దీనికి కట్టకండి. కడితే ఫ్లష్ గుండా గంటకు సుమారు 3 మి.లీ. మూత్రాశయంలోకి పోతూనే ఉంటుంది, రోజుకు 72 మి.లీ. మూత్రం ఆగిపోయిన పేషెంట్‌లో ఆ 72 చూసి కిడ్నీ పనిచేస్తోందని సంతోషపడతాం. ఇంకొకటి: ఈ లైన్‌కు రెండు చోట్ల ‘యూరినరీ’ అని లేబుల్ కట్టాలి. చూడటానికి అచ్చం ఆర్టీరియల్ లైన్‌లాగే ఉంటుంది. మందు ఇవ్వాల్సిన సిరంజి దీనికి తగిలించినా, దీని సిరంజి అటు తగిలించినా ముప్పే.

ఈ సెట్‌లో గొప్పతనం అల కనిపించడం. ప్రతి శ్వాసకూ గీత కాస్త లేచి దిగాలి, పొట్టను మెల్లగా నొక్కితే టక్కున లేవాలి. లేవకపోతే ఎక్కడో మూసుకుంది, ఆ అంకె చెల్లదు. లోపం ఆ క్లాంప్. కొలిచాక తీయడం మర్చిపోతే బ్యాగ్‌లోకి చుక్క రాదు, అరగంట తర్వాత ‘అనూరియా’ (మూత్రమే రావట్లేదు) అని ఫోన్ వస్తుంది, అప్పటికి నిండిన మూత్రాశయం తర్వాతి రీడింగ్‌ను కూడా పాడుచేస్తుంది. రంగు క్లాంప్ వాడి, కొలత అయ్యాక దాన్ని మంచం రెయిలింగ్‌కే తగిలించాలన్న నియమం పెట్టుకుంటే ఈ తప్పు చాలావరకు పోతుంది.

నీటి గొట్టం: జిల్లా ఆసుపత్రికి సరిపోయే చవకైన దారి

సీవీపీ చూసే పాత నీటి మానోమీటర్ మీ స్టోర్‌లో మూలన ఉంటే పారేయకండి. స్టాండ్‌కు స్కేలు కట్టి, సున్నాను పేషెంట్ మీది గీతకు సరిచేసి, త్రీ-వే గుండా గొట్టాన్ని 40 సెంటీమీటర్ల దాకా నింపి, ఫోలీ వైపు తెరిస్తే నీరు దిగి ఒకచోట ఆగి, శ్వాసతో పాటు ఊగుతుంది. ఆగిన చోటే రీడింగ్. ముందుగా పైదాకా నింపి దిగనివ్వడం ముఖ్యం. కిందినుంచి ఎక్కనిస్తే సరైన ఎత్తుకు చేరడానికి మూత్రాశయంలో ఉన్న కాస్త ద్రవం చాలక తక్కువ చూపించవచ్చు.

దీనిలో అసలు ప్రమాదం యూనిట్. గొట్టం చెప్పేది సెంటీమీటర్ల నీరు. పాదరసంలోకి మార్చడానికి 1.36తో భాగించాలి. 16 సెంటీమీటర్లంటే సుమారు 12. 27 అంటే 20. 34 అంటే 25. మార్చకుండా 22 అని రాసిపెడితే గ్రేడ్ 3 అని సర్జన్‌ను లేపుతారు, నిజానికి అది 16. ఒక అట్టముక్క మీద ఈ మూడు జతలు రాసి స్టాండ్‌కు కట్టేయండి, లేదా స్కేలు మీదే 16, 27, 34 దగ్గర ఎర్ర గీతలు పెట్టండి. మానిటర్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. పైభాగం గాలికి తెరిచి ఉండటం మాత్రం ఇన్ఫెక్షన్‌కు దారి, అందుకే స్టెరైల్ ఫిల్టర్ తగిలించి, అది తడిసిన వెంటనే మార్చాలి. ప్రతిసారీ గొట్టాలు ఊడదీసి కలిపే పద్ధతికి మేం ఒప్పుకోం. మూసి ఉన్న డ్రైనేజీని ఎన్నిసార్లు తెరిస్తే అన్నిసార్లు క్రిములకు తలుపు తీసినట్టే.

ఫోలీమానోమీటర్: మా మొదటి ఓటు దీనికే

హోల్‌టెక్ తయారీ. పై నీటి గొట్టం ఆలోచనే, కానీ శుభ్రంగా, మూసేసి, సరైన యూనిట్‌లో చేశారు. ఫోలీకీ యూరోబ్యాగ్‌కూ మధ్య శాశ్వతంగా కూర్చుంటుంది. ఫోలీ పక్కనుంచి పారదర్శక గొట్టం, దాని మీద నేరుగా మిల్లీమీటర్ల పాదరసంలో గీతలు, పైన గాలి పోయే బయోఫిల్టర్, దానికొక చిన్న క్లాంప్. మొదటి నమూనాలో 50 మి.లీ. పాత్ర ఉండి అంత మూత్రం వెనక్కి పోయేది. ఎల్‌వీ నమూనాలో 20 మి.లీ.తో పని జరుగుతుంది. కొనేటప్పుడు ఎల్‌వీ అనే అడగాలి, 25 దాటకూడదన్న నియమానికి అదే సరిపోతుంది.

వాడకం ఇలా. మొదట 20 మి.లీ. స్టెరైల్ సెలైన్‌తో గొట్టం నింపుతాం. కొలిచేటప్పుడు గొట్టం మీది సున్నా గీతను పేషెంట్ మీది గీత దగ్గర పట్టుకుని, ఫిల్టర్ భాగాన్ని నిట్టనిలువుగా 30 సెంటీమీటర్లు పైకెత్తి, ఫిల్టర్ క్లాంప్ తెరవాలి. ద్రవం దిగి సుమారు 10 సెకన్లలో నిలకడగా ఆగుతుంది. మెనిస్కస్ (ద్రవం పైమట్టపు వంపు) అడుగు గీత చదివి, క్లాంప్ మూసి, మళ్లీ డ్రైనేజీ స్థితిలో వేలాడదీయాలి. అంతే. జీరో చేయడం, కేబుల్, ఛానల్ ఏమీ లేవు. పేషెంట్ సీటీకి వెళ్లినా కొలవచ్చు, అంబులెన్స్‌లో హైదరాబాద్‌కో విశాఖకో రెఫర్ చేసేటప్పుడు దారిలోనూ కొలవచ్చు.

ఒక గుణం ప్రత్యేకంగా చెప్పాలి: కొలిచిన తర్వాత బ్యాగ్‌వైపు క్లాంప్ మర్చిపోయే సమస్య దాదాపుగా ఉండదు, ఎందుకంటే గొట్టాన్ని వేలాడదీయగానే పారుదల మొదలవుతుంది. పైగా వెనక్కి పోయేది చాలావరకు పేషెంట్ మూత్రమే కాబట్టి, మొదటి 20 తప్ప మూత్రం లెక్కలో కలిసే కొత్త నీరు తక్కువ.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫిల్టర్ తడిస్తే గాలి బయటికి పోదు, ద్రవం నడిమధ్య ఇరుక్కుని తప్పు అంకె చూపిస్తుంది. మెనిస్కస్ మెల్లమెల్లగా, ఊగకుండా దిగుతుంటే ఫిల్టర్ మీద అనుమానపడాలి. పేషెంట్‌ను పక్కకు తిప్పేటప్పుడు, స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు క్లాంప్ మూసి ఉందో లేదో చూడకపోతేనే అది తడుస్తుంది. మూత్రం బొత్తిగా రాని పేషెంట్‌కు గొట్టం ఖాళీ అయిపోతుంది, మళ్లీ 20 మి.లీ. నింపుకోవాలి, అది లెక్కలోంచి తీసేయాలి. గొట్టంలో గాలి ముక్కలు ముక్కలుగా ఉంటే ఒక్క నిరంతర ద్రవ స్తంభం ఉండదు, రీడింగ్ చెల్లదు. రాత్రి మసక వెలుతురులో పసుపు మూత్రం మీద గీత చదవడానికి టార్చి కావాలి. చిన్నపిల్లలకు ఇది పనికిరాదు: 6 కిలోల బిడ్డకు 20 మి.లీ. చాలా ఎక్కువ. వాళ్లకు ట్రాన్స్‌డ్యూసరే.

యాబ్‌వైజర్: బాగుంది, ఎక్కడ పెట్టాలో చూసుకోండి

వుల్ఫ్ టోరీ అనే అమెరికన్ కంపెనీ తెచ్చింది, తర్వాత కన్వాటెక్ చేతికి వచ్చింది. ఇది ట్రాన్స్‌డ్యూసర్ సెట్‌కే తయారైన రూపం. దీని విశేషం ఆటోవాల్వ్. సిరంజితో సెలైన్ ఎక్కించగానే వాల్వ్ డ్రైనేజీని మూస్తుంది, ఒకటి నుంచి మూడు నిమిషాల్లో తనంతట తానే తెరుచుకుంటుంది. పైన చెప్పిన మర్చిపోయిన క్లాంప్ గొడవకు ఇది సూటి జవాబు. సిబ్బంది తరచూ మారే పెద్ద ఐసీయూల్లో ఆ ఒక్క గుణానికే డబ్బు పెట్టొచ్చు. కాకపోతే మానిటర్, ఛానల్, జీరో అన్నీ కావాలి. వాల్వ్ తెరుచుకునే లోపే చదివేయాలి. ఆలస్యమైతే అంకె నెమ్మదిగా పడిపోతూ కనిపిస్తుంది, అది ప్రెజర్ తగ్గడం కాదు, నీరు బ్యాగ్‌లోకి పోవడం. రక్తపు గడ్డలు వచ్చే పేషెంట్‌లో వాల్వ్ దగ్గర అడ్డుపడొచ్చు, అలాంటివాళ్లకు మామూలు త్రీ-వే సెట్ మేలు.

జీర్ణాశయంలో బెలూన్ పెట్టి నిరంతరం కొలిచేవీ, త్రీ-వే ఫోలీ ఇరిగేషన్ దారి గుండా నిరంతరం చూసేవీ ఉన్నాయి. మూత్రాశయం పగిలినప్పుడు, పెల్విస్‌లో పెద్ద రక్తపు గడ్డ ఉన్నప్పుడు, రక్తం ఆపడానికి సర్జన్ పెల్విస్‌లో ప్యాకింగ్ కుక్కినప్పుడు మూత్రాశయపు అంకె నమ్మదగ్గది కాదు. అప్పుడు జీర్ణాశయం దారే మిగులుతుంది. మిగతావాళ్లకు 4 గంటలకోసారి కొలత చాలు.

అంకె ఒక్కసారిగా ఎక్కితే ముందు చూడాల్సినవి

రాత్రి 11 ఉన్నది తెల్లారేసరికి 19 అయిందనుకోండి. సర్జన్‌కు ఫోన్ చేసే ముందు రెండు నిమిషాలు మంచం దగ్గర నిలబడాలి. తలవైపు ఎత్తి ఉందా? 30 డిగ్రీలు ఎత్తితే అంకె సుమారు 4 దాకా పెరుగుతుంది. వెంటిలేటర్ పేషెంట్‌కు తల ఎత్తి ఉంచడం నిమోనియా రాకుండా అవసరమే, కొలిచే రెండు నిమిషాలు మాత్రం దించాలి. ట్రాన్స్‌డ్యూసర్ జారిందా? ప్రతి సెంటీమీటరు కిందికి 0.74 ఎక్కువ చూపిస్తుంది, 10 సెంటీమీటర్లు జారితే 7 పైచిలుకు. 11 కాస్తా 18 అవడానికి అదొక్కటి చాలు. ట్రాన్స్‌డ్యూసర్‌నైనా, నీటి స్తంభం సున్నా గీతనైనా పైకి పట్టుకుంటే తక్కువ చూపిస్తుంది, ఆ తప్పు ఇంకా ప్రమాదం, ఎందుకంటే అందరూ నిశ్చింతగా ఉంటారు. తర్వాత సెడేషన్ తగ్గిందా, నొప్పితో పొట్ట బిగపట్టాడా చూడాలి. ఎంత సెలైన్ ఎక్కించారో అడగాలి. ఇవన్నీ సరిగ్గా ఉండి రెండోసారీ 19 వస్తే, అది నిజం.

మూత్రం లెక్క గురించి ఇంకోమాట. ట్రాన్స్‌డ్యూసర్ పద్ధతిలో 4 గంటలకోసారి 20 మి.లీ. అంటే రోజుకు 120. దీన్ని ఔట్‌పుట్ లోంచి తీసేయని చార్టు ఈ జబ్బులో అబద్ధం చెబుతుంది, ఎందుకంటే మొదట దెబ్బతినేది కిడ్నీయే.

అంకె నిజమైతే

కొలిచి చార్టులో రాసి ఊరుకుంటే ఏ కిట్టూ ఎందుకూ పనికిరాదు. 12 దాటినప్పుడే పని మొదలుపెట్టాలి. పేగు లోపలిది ఖాళీ చేయడం మొదటిది: రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి జీర్ణాశయంలోకి పోయే గొట్టం) వేసి సక్షన్, రెక్టల్ ట్యూబ్, ఎనిమా, ట్యూబ్ ఫీడ్ తగ్గించడం, పేగు కదిలించే మందులు. పెద్దపేగు ఉబ్బి వేటికీ లొంగకపోతే నియోస్టిగ్మిన్ ఇవ్వొచ్చు, ఈసీజీ మానిటర్ మీద, అట్రోపిన్ చేతికందేలా పెట్టుకుని. రెండోది పొట్ట గోడను వదులు చేయడం: నొప్పి తగ్గించడం, సెడేషన్, బిగుతు కట్లు విప్పడం, కాలిన గాయం పొట్ట చుట్టూ గట్టిపడితే దాన్ని కోయడం, కొద్దిసేపు కండరాలు సడలించే మందుతో చూడటం. సడలించాక అంకె దిగితే కొంత భాగం కండరం బిగువే అని తెలుస్తుంది.

మూడోది నీళ్లు. షాక్ తీరాక కూడా గంటకు 150 మి.లీ. పోతూనే ఉంటుంది చాలా చార్టుల్లో. మూడో రోజుకల్లా బ్యాలెన్స్ సున్నాకో, మైనస్‌కో రావాలి. అందుకు మూత్రం మందులు, అవసరమైతే డయాలిసిస్‌తో తీయడం. ఇక్కడ సీవీపీ మోసం చేస్తుంది: పొట్ట ప్రెజర్ దాదాపు సగం ఛాతీలోకి పోతుంది కాబట్టి గుండెకు రక్తం చాలకపోయినా సీవీపీ ఎక్కువే చూపిస్తుంది. ధమని సగటు ప్రెజర్‌లోంచి పొట్ట ప్రెజర్ తీసేసి చూసుకోవడం మంచి అలవాటు. 65 లోంచి 22 పోతే 43, పేగులకూ కిడ్నీకీ మిగిలేది అదే. ఆ లెక్కనే చికిత్సకు లక్ష్యంగా పెట్టుకోమని 2013 మార్గదర్శకాలు సిఫారసు చేయలేదు, కానీ పరిస్థితి ఎంత గట్టిదో సర్జన్‌కు ఫోన్‌లో చెప్పడానికి దానికన్నా మంచి మాట లేదు.

అల్ట్రాసౌండ్‌లో నీరు కనిపిస్తే బయటినుంచి కేథటర్ వేసి తీయాలి. మొదటి 4 గంటల్లో 1000 మి.లీ. అయినా రాక, ప్రెజర్ కనీసం 9 అయినా దిగకపోతే ఆ దారి సరిపోదని అర్థం, ఆపరేషన్‌కు సిద్ధపడాలి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నప్పుడు సూది పెట్టడం మామూలు నిర్ణయం కాదు. రక్తస్రావం ముప్పును తూచి, రక్తం సిద్ధంగా ఉంచుకుని, సీనియర్ చేతులతోనే జరగాలి.

20 దాటి, అవయవాలు దెబ్బతింటూ, పైవి ఏవీ పనిచేయకపోతే మధ్యగీత మీద పొట్ట తెరవాలి. ఆలస్యం చేసే ప్రతి గంటా పేగుకు నష్టం. తెరిచిన వెంటనే అప్పటిదాకా లోపల పేరుకుని ఉన్న ఆమ్లం, పొటాషియం రక్తంలోకి ఒక్కసారిగా కొట్టుకొచ్చి బీపీ పడిపోవచ్చు, అనస్థీషియా వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. మూయకుండా ఉంచిన పొట్టకు నెగటివ్ ప్రెజర్ డ్రెస్సింగ్ మేలు. అది లేనిచోట 3 లీటర్ల స్టెరైల్ ఇరిగేషన్ బ్యాగ్ కోసి కుట్టే బొగోటా బ్యాగ్ ఇప్పటికీ ప్రాణాలు నిలబెడుతోంది. పొట్ట తెరిచాక ప్రెజర్ కొలవడం మానేస్తారు చాలామంది. మానకూడదు. బ్యాగ్ బిగుతుగా కుట్టినా, లోపల వాపు పెరిగినా మళ్లీ 20 దాటుతుంది.

ఎవరికి ఏది

మానిటర్ ఛానళ్లు తక్కువున్న జిల్లా, ఏరియా ఆసుపత్రి ఐసీయూకి ఫోలీమానోమీటర్ ఎల్‌వీ. బడ్జెట్ రాకపోతే నీటి గొట్టం, ఎర్ర గీతలు పెట్టిన స్కేలుతో. పిల్లల ఐసీయూకి ట్రాన్స్‌డ్యూసర్ సెట్టే, చిన్న సిరంజితో. ట్రామా, ప్యాంక్రియాటైటిస్ కేసులు రోజూ చూసే పెద్ద సెంటర్లకు, సిబ్బంది తరచూ మారుతుంటే యాబ్‌వైజర్. శిక్షణ గట్టిగా ఉంటే సొంత సెట్టే చాలు. ధర పోల్చేటప్పుడు కిట్ ధరను ఒక్క ట్రాన్స్‌డ్యూసర్ ధరతో పోల్చకండి. లైన్, త్రీ-వేలు, సిరంజిలు, సెలైన్, ఆ ఛానల్ వేరే పేషెంట్‌కు దొరకకపోవడం అన్నీ కలిపి ఒక్కో పేషెంట్‌కు ఎంతవుతుందో చూడండి. ఆర్డర్ పెట్టే ముందు మీరు వాడే ఫోలీ, మీరు వాడే యూరోబ్యాగ్ ఒక్కొక్కటి సప్లయర్ చేతికిచ్చి, వాటికి కనెక్టర్ బిగుతుగా పడుతోందో లేదో నీళ్లు పోసి చూపించమనండి. వదులుగా పడి లీకైతే స్తంభం దిగిపోయి తక్కువ అంకె వస్తుంది, అది ఎవరి కంటా పడదు.